వేసవి రేయి సుఖనిద్ర - సూరతు నగర చరిత్రలో ఒక ప్రకరణము

ఆహారమును నిద్రయు లోకమున ప్రాణికోటికెల్ల సమానములు. అందు ఆహారమును గూర్చి గ్రంథములు పెక్కు వెలసినవి. నిద్రను గూర్చి చరిత్ర వ్రాసినవారు తక్కువ. రాజుల జయాపజయములకు శాసనములు కలవు. వర్తకుల లాభనష్టములకు చిట్టా ఆవర్జాలు కలవు. కాని వైశాఖ జ్యేష్ఠ మాసముల ఉక్కలో జనసామాన్యము రాత్రి ఎట్లు కన్ను మూసెనో తెలిసికొనవలెనన్న బాటసారుల దినచర్యలను, పాత ఇండ్ల కట్టడములను, ఇంటింటి వస్తువులను వెదకవలసియున్నది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని సామెత చెప్పుకొను జాతికి ఈ వెదకులాట నిష్ప్రయోజనము కానేరదు. పగటి యెండను మనుజుడు చెట్టునీడ చేరి తప్పించుకొనగలడు. రాత్రి ఉక్కను తప్పించుకొనుటకు మాత్రము ఉపాయము కావలెను. ఆ ఉపాయములకు నాలుగు శతాబ్దముల కథ కలదు. ఆ కథలో ఒకరి నిద్ర కొరకు మరియొకరు మేలుకొనిన దుఃఖమును కలదు.

సూరతు నగరమున ఉధ్నా దరవాజాకు చేరువగా ఖటోదరా అను పేట యున్నది. 1962లో ఏర్పడిన గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వారి వాడ యొకటి ఇచ్చట కలదు. మరమగ్గములు, జలతారు కుట్టు యంత్రములు, చిన్న చిన్న కార్ఖానాలు, వాని సందులలో నివాసములు - ఇదియే ఆ పేట స్వరూపము. మగ్గమునకు రాత్రింబవళ్ళ భేదము లేదు. అందుచే ఇచ్చట నిద్రకును వేళాపాళలు లేవు. ఇట్టి చోట మే నెల రాత్రి మానవుడు ఎట్లు నిద్రించుచున్నాడు, పూర్వము ఈ నగరమున ఎట్లు నిద్రించెడివాడు అను ప్రశ్న సహజముగా పుట్టును.

ముందుగా ఈ నగరపు వేడి యెట్టిదో గ్రహింపవలెను. వేడి యంతయు ఒక్క జాతిది కాదు. రెంటచింతల, రామగుండము మున్నగు చోట్ల వీచునది పొడి వేడి. అది నాలుక ఎండించును, చెమటను ఊరిన క్షణముననే ఆర్చివేయును. సూరతు తాపీనదీ తీరమున, ఖంభాత సింధుశాఖకు కొలది క్రోసుల దూరమున నున్నది. కావున దీని వేడి మన బందరు, కాకినాడల వేడికి జ్ఞాతి. పాదరసము అంత ఎత్తునకు పోకపోయినను గాలిలో తడి నిండియుండును. చెమట పట్టును గాని ఆరదు. శరీరము చల్లబడుటకు చెమట ఊరిన చాలదు, అది ఆవిరి కావలెను. మనిషి నిద్రలోనికి జారునప్పుడు దేహము లోపలి వేడి ఇంచుమించు ఒక డిగ్రీ తగ్గవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆ వేడిని చర్మము బయటికి పంపలేనప్పుడు కన్ను మూసినను నిద్ర పట్టదు. ఉక్కరాత్రి పొర్లాటకు మూలము ఇదియే.

ఈ శాస్త్రము తెలియకున్నను ప్రాచీనులు దాని ఫలమును అనుభవముచే ఎరిగియుండిరి. గుజరాతీ గృహమున మూడు అంగములు వేసవి నిద్రకు ఆధారములు. వీధి మొగమున నుండు ఓట్లో మన అరుగునకు సరియైనది. ఇంటి పైభాగమున నుండు అగాశీ మన డాబా. ఖాట్లో అనునది మన నులకమంచమే. కాళిదాసకృతముగా ప్రసిద్ధమైన ఋతుసంహారము గ్రీష్మ వర్ణనతోనే ఆరంభమగుటయు, అందు చంద్రికలు, మేడల పైభాగములు, జలయంత్ర గృహములు ప్రస్తావింపబడుటయు చూచినచో, వేసవి రేయి ఆరుబయటను ఆశ్రయించుట ఈ దేశమున ఎంత పూర్వాచారమో తెలియును. తెలుగునాట వాకిట కళ్ళాపి చల్లి, నేల చల్లారిన పిమ్మట మంచములు వాల్చి, తలాపున కూజా నుంచుకొని, తాటాకు విసనకఱ్ఱ చేత బట్టి పరుండుట నిన్న మొన్నటి వరకును ప్రతి గ్రామమున కన్నులార చూచినదే.

నులకమంచము పేదవాని వస్తువని చులకన చేయరాదు. పరుపు దేహపు వేడిని పట్టి నిలుపును. నులక అల్లిక సందులగుండ గాలి క్రిందినుండియు వీపునకు తగులును. శరీరమున సగభాగము పరుపునకు అంటియుండుటకును, నలువైపుల గాలి సోకుటకును ఎంత భేదమో ఉక్కరాత్రి పరుండినవారికి చెప్పనక్కరలేదు. డాబా విషయమును అట్టిదే. నిర్మలాకాశము క్రింద నున్న వస్తువు తన వేడిని ఆకాశమునకు వెదజల్లుచు చుట్టునున్న గాలికంటెను చల్లబడును. దీనికి గొప్ప నిదర్శనమును సర్ రాబర్ట్ బార్కరు 1775లో లండను రాయల్ సొసైటీకి నివేదించెను. ఉత్తర హిందూస్థానమున శీతకాలపు రాత్రులందు గడ్డి పఱచి, దానిపై లోతులేని మట్టి మూకుళ్ళలో నీరు పోసి యుంచగా తెల్లవారుసరికి మంచుపొర కట్టెడిదట. ఆకాశము నీటినే గడ్డకట్టింపగలిగినప్పుడు డాబాపై పరుండినవానికి కొంత చల్లదనము ఈయకుండునా! మబ్బు పట్టిన రాత్రి ఆ లాభము తగ్గును. అందుచేతనే తొలకరికి ముందు మబ్బు క్రమ్మిన రాత్రులు కడు దుర్భరములు.

పదునేడవ శతాబ్దారంభమున ఆంగ్ల వర్తకులు మన దేశమునకు వచ్చినప్పుడు వారికి ఈ విద్య తెలియదు. వారు 1611లో బందరునందును, 1613లో సూరతునందును వర్తకశాలలు నెలకొల్పిరి. ఇట్లు తెలుగు తీరమును గుజరాతు తీరమును ఒకే కాలమున వారికి వేసవి రుచి చూపినవి. ఈ రెండు రేవులను కలుపు వ్యక్తి యొకడు కలడు. విలియం మెథ్వోల్డ్ అనునతడు మొదట బందరున కొన్ని యేండ్లు ఉద్యోగము చేసి, గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన వృత్తాంతము 1626లో అచ్చయినది. అందతడు సంవత్సరమును మూడు కాలములుగ విభజించి, మార్చి మొదలు జూను వరకు గల భాగమును తీవ్రమైన వేసవిగా వర్ణించినాడు. పిమ్మట 1633లో అతడే సూరతు వర్తకశాలకు అధ్యక్షుడయ్యెను. బందరు పడమటి గాలిని చవిచూచినవానికి సూరతు ఉక్క క్రొత్త కాకపోయియుండును.

సర్ థామస్ రో రాయబారిగా 1615లో సూరతు రేవున దిగెను. ఆతని పురోహితుడైన ఎడ్వర్డ్ టెరీ మరుసటి యేడు వచ్చి, తన యాత్రా వృత్తాంతమును 1655లో ప్రకటించెను. ఇండ్ల చదునైన పైకప్పులమీద జనులు చల్లని గాలికి చేరుటయు, పగలు ఈగల బాధయు, రాత్రి దోమల బాధయు ఆతడు వ్రాసియున్నాడు. ఎలుకలను కూడ ఆతడు మరువలేదు. నాలుగువందల యేండ్ల క్రిందటి పరదేశి మొఱ నేటి సూరతు వాసికి క్రొత్తగా తోచదు. డాబా చల్లదనమునకు దోమ యనాదిగా సుంకము వసూలు చేయుచునే యున్నది.

1573లో అక్బరు సూరతు కోటను ముట్టడించి పట్టుకొనెను. మొగలుల పాలనతో పాటు వారి చలువ ఉపాయముల ప్రఖ్యాతియు వ్యాపించినది. అబుల్ ఫజల్ అయినీ అక్బరీ గ్రంథమున వీనిని వివరించెను. పెద్ద పాత్రలో రెండున్నర సేర్ల సురేకారమును ఐదు సేర్ల నీటిలో కలిపి, మూతి బిగించిన లోహపు కూజాలో ఒక సేరు మంచినీరుంచి, దానిని ఆ ద్రావణమున పావుగంట సేపు త్రిప్పిన లోపలి నీరు చల్లబడునట. తుపాకి మందునకు ఉపయోగించు సురేకారము దప్పి తీర్చుటకును పనికివచ్చుట వింత. 1586లో రాజస్థానము లాహోరునకు చేరిన పిమ్మట కొండల మంచును తెప్పించెడివారు. వట్టివేళ్ళతో తడికలు కట్టి నీరు చల్లిన, వాని గుండా వచ్చు గాలి వేసవిని శీతకాలముగ మార్చుననియు ఆ గ్రంథకర్త కొనియాడెను.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. వట్టివేళ్ళ తడిక ఆగ్రా, ఢిల్లీల పొడిగాలికి దివ్యౌషధము. పొడిగాలి నీటిని ఆశతో త్రాగి చల్లబడును. సూరతు గాలి ముందే తడిసియున్నది. అది మరల నీటిని త్రాగదు. కావున పాదుషాల సాధనము ఆగ్రాలో ఇచ్చినంత ఫలమును ఈ రేవు పట్టణమున ఈయజాలదు. నేటి ఎయిర్ కూలరునకును ఇదియే నియమము. నాగపురమున కూలరును మెచ్చుకొనినవాడు బదిలీపై సూరతు వచ్చి, అదే యంత్రమును తలుపులు మూసిన గదిలో నడపి, తెల్లవారుసరికి పక్క తడిసినదని విసుగుకొనుట సహజము. తప్పు యంత్రముది కాదు; దేశకాలములు ఎరుగని యుపాయముది. తీరపట్టణమున నీటికంటె గాలియే చలువ. గాలికి రాకపోకల త్రోవ ఇచ్చుటయే ప్రథమ చికిత్స.

పందొమ్మిదవ శతాబ్దమున మంచు సముద్రము దాటి వచ్చినది. అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుడు చెరువుల మంచును కోయించి ఓడల కెక్కించెను. 1833లో "టస్కనీ" అను ఓడ నూట ఎనుబది టన్నుల మంచుతో బయలుదేరి నాలుగు మాసములకు కలకత్తా చేరగా, ఇంచుమించు నూరు టన్నులు కరగక మిగిలినది. చెన్నపట్టణమున 1842లో కట్టిన మంచుగృహము నేటికిని నిలిచి వివేకానంద గృహమను పేరున ప్రసిద్ధమై యున్నది. కాని ఆ మంచు దొరల పానపాత్రలకే గాని జనసామాన్యపు నిద్రకు అక్కరకు రాలేదు.

వేసవి నిద్రాచరిత్రలో మిక్కిలి శోచనీయమైన ఘట్టము పంకా. చేతి విసనకఱ్ఱ ప్రాచీనమే; రాజులకు చామరములు వీచువారును ప్రాచీనులే. కాని దూలమునుండి గుడ్డ కట్టిన చట్రమును వ్రేలాడదీసి, త్రాడుతో ఊపు పంకా పదునెనిమిదవ శతాబ్దపు చివర కలకత్తాలోని ఆంగ్లేయుల ఇండ్లలో వ్యాపించి, క్రమముగా దేశమంతటను కచేరీలకును, న్యాయస్థానములకును, దొరల పడకగదులకును ప్రాకెను. ఆ త్రాటి రెండవ కొన గోడకు వెలుపల, వసారాలో కూర్చున్న కూలీ చేతిలో నుండెడిది. కొందరు త్రాడును కాలి బొటనవ్రేలికి కట్టుకొని లాగెడివారు. లోపల గాలి వీచుచున్నంత సేపు దొర నిద్రించును. కూలీ ఒక్క రెప్పపాటు తూగిన పంకా ఆగును, దొర మేలుకొనును. అట్లు మేలుకొనిన దొరలు కూలీని కొట్టిన ఉదంతములును, ఆ దెబ్బలకు కూలీలు మరణింపగా నడచిన వ్యాజ్యములును ఆ కాలపు పత్రికలలో కనిపించును. ఆ రాత్రి వేడి ఇద్దరికిని సమానమే. నిద్రించు హక్కు మాత్రము ఒక్కనిదే. గోడకు ఒక రంధ్రము, ఆ రంధ్రమున ఒక త్రాడు, త్రాటికి రెండు కొనలు - పరపాలన స్వరూపమును ఇంతకంటె క్లుప్తముగ చెప్పు చిత్రము మరి దొరకదు.

ఈ దాస్యమును తొలగించినది మాటల ధర్మబోధ కాదు, విద్యుచ్ఛక్తి. అమెరికాలో 1880 తరువాతి దశకమున విద్యుత్తుతో తిరుగు విసనయంత్రములు వెలసినవి. సూరతు ఎలక్ట్రిసిటీ కంపెనీ 1920లో స్థాపితమయ్యెను. అదే 1920లో హైదరాబాదున హుస్సేన్ సాగరపు ఒడ్డున విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. తీగలు వీధివీధికి వ్యాపించిన కొలది పంకా త్రాళ్ళు ఒక్కొక్కటిగా తెగిపోయెను. కప్పునుండి వ్రేలాడు ఫ్యాను నేడు పేదవాని గదిలోను తిరుగుచున్నది. పూర్వము రాజాధిరాజులకు కూడ మరియొక మనుష్యుని మేలుకొలుపనిదే దొరకని సుఖము మీట నొక్కిన దొరకుచున్నది. దేశములోని యంత్రములలో ఇంత నిశ్శబ్దముగ ఇంత మేలు చేసినది మరియొకటి కలదా యని సందేహము.

అయితే ఫ్యాను మనిషిని డాబా మీదినుండి గదిలోనికి దింపినది. అదే కాలమున ఇల్లును మారినది. సున్నము, ఇటుక, కొయ్య కలిపి కట్టిన పాత ఇండ్లకు బదులు కాంక్రీటు కప్పులు వచ్చెను. కాంక్రీటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి, రాత్రి ప్రొద్దుపోయిన దాక దానిని క్రిందికి వదలుచుండును. దాని క్రింద తిరుగు ఫ్యాను ఆ వేడిగాలినే చిలుకుచుండును. పెక్కు అంతస్తుల మేడలలో డాబా అందరిది. అందరిదైనది ఎవరిదియు గాక తాళము పడినది. దొంగల భయము, దోమల భయము, ఇరుగుపొరుగుల సంకోచము తోడై అగాశీ నిర్జనమైనది. సూరతు వాసులు ఆశ్వయుజ పౌర్ణమి మరునాడు చందనీ పడవో అను పండుగ చేసికొని, వెన్నెల రాత్రి ఆరుబయట ఘారీ అను మిఠాయి నారగింతురు. వారి పూర్వులకు ఆకాశముతో గల చెలిమికి అది ఒక శేషము.

ఇక ఖటోదరాకు, ఆ చుట్టుపట్ల పేటలకు తిరిగి వత్తము. తెలంగాణమునుండి పద్మశాలి కుటుంబములు బ్రదుకు తెరువు వెదకుచు షోలాపురము, భివండీ, బొంబాయి, సూరతులకు వలస వచ్చినవి. సూరతున లింబాయత్, ఉధ్నా మున్నగు పేటలలో తెలుగు పలుకు గట్టిగ వినవచ్చును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతము నడపుచున్నది. చేమగ్గము నేసిన చేతులే ఇచ్చట మరమగ్గమును పట్టెను. ఒరిస్సా గంజాము సీమనుండియు వేలాది శ్రామికులు వచ్చిరి. మగ్గములు పండ్రెండు గంటల పాళ్ళుగా నడచును. ఒకే గదిలో పలువురు నివసించు మెస్సులలో పగటి పాళి వాడు లేచి పోయిన చాపపై రాత్రి పాళి వాడు వచ్చి పరుండును. చాప చల్లారుటకు వ్యవధి లేదు. దక్షిణ గుజరాతు శ్రామికుల బ్రదుకును పలు దశకములు పరిశీలించిన డచ్చి పండితుడు యాన్ బ్రెమన్ 1996లో ప్రకటించిన గ్రంథము ఈ తిరుగుడు కూలీల స్థితిని లోకమునకు తెలిపినది.

రాత్రి పాళి చేసి వచ్చినవాని యిక్కట్టును యోచింపవలెను. అతనికి వేసవి నిద్ర రాత్రి కాదు, పట్టపగలు. రేకుల కప్పు క్రింద, పదునొకండు గంటల యెండలో, ప్రక్క గదిలోని మగ్గముల మ్రోత నడుమ అతడు కన్ను మూయవలెను. డాబా అతనికి పనికిరాదు. వెన్నెల అతనిది కాదు. పంకా కూలీ కథ ముగిసినదని అనుకొంటిమి గాని, త్రాడు తెగినను రెండవ కొన యింకను ఎవని చేతిలోనో యున్నది. లోకము కట్టుకొను చీర యొక్క నేతలో ఒకని నిద్ర పోగుగా కలసియున్నది.

1994 సెప్టెంబరులో ప్లేగు భయమున సూరతు నుండి లక్షల జనము పారిపోయిరి. 1995లో నగరపాలక కమిషనరుగ వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు వీధులను, మురుగు కాలువలను, పేదల వాడలను శుభ్రపఱచుటకు నడుము కట్టి, నగరపు పేరును మార్చెను. నిద్రకును దీనికిని సంబంధ మేమని అడుగరాదు. మురుగు నిలిచిన చోట దోమ పుట్టును. దోమ పుట్టిన చోట కిటికీ మూతపడును. కిటికీ మూసిన చోట గాలి చచ్చును. శుభ్రమైన వీధియే వేసవి నిద్రకు మొదటి మెట్టు.

ఈ శతాబ్దమున రాత్రి ఉక్క కేవల సుఖదుఃఖముల విషయము గాక ప్రాణ విషయ మయ్యెను. 2010 మే నెల వడగాలిలో అహమ్మదాబాదున సాధారణముకంటె 1,344 మరణములు అధికముగ సంభవించినవని పరిశోధకులు లెక్కించిరి. అందుపై 2013లో ఆ నగరము వడగాలి ప్రణాళికను ప్రారంభించెను. దక్షిణాసియాలో అట్టిది అదియే మొదటిది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు కలిపి రెండువేల మందికి పైగా వడదెబ్బకు మరణించిరి. పగలు ఎండకు అలసిన దేహము రాత్రి చల్లబడి కోలుకొనవలెను. రాత్రియు వేడి తగ్గనిచో మరునాటి యెండ ఆ దేహమును అలసటలోనే పట్టును. కావున రాత్రి చల్లదనము విలాసము కాదు, వైద్యము. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, ఎండను వెనుకకు త్రిప్పు తెల్లని పూతలను ప్రోత్సహించినది. పూర్వులు డాబాకు సున్నము కొట్టుటలోని మర్మమే నేడు విధానముగ తిరిగి వచ్చినది.

ఈ చరిత్ర నేర్పు పాఠములు సులభములు. కప్పునకు వేసవికి ముందే తెల్లసున్నము వేయవలెను. సాయంకాలము నైరుతి దెసనుండి సముద్రపు గాలి వచ్చు వేళకు ఎదురెదురు కిటికీలను తెరువవలెను. దోమతెర కట్టవలెను, గాలిని అడ్డగించని పలుచని నేత శ్రేష్ఠము. పరుపును చుట్టబెట్టి నులకను గాని నవారును గాని ఆశ్రయింపవలెను. పడకకు ముందు స్నానము చేసి, తడి ఆరక ముందే ఫ్యాను గాలికి కూర్చుండుట మేలు. గాలి నలువది డిగ్రీలు దాటినప్పుడు మాత్రము ఒట్టి ఫ్యాను మేలుకంటె కీడే చేయగలదు. అప్పుడు దేహమును తడి గుడ్డతో తుడుచుచుండవలెను. రాత్రి భోజనము తేలికగ నుండి, మజ్జిగ తోడైన దేహము సుఖించును.

ఇవి యింటివారు చేయదగినవి. ఇంటికి వెలుపల చేయదగినదియు ఒకటి కలదు. కార్యాలయమున చల్లని గదిలో పగలు గడపి, యింట చల్లని గదిలో రాత్రి గడపు భాగ్యవంతుడు, తన వాకిలి కాచువానికి, తన చీర నేయువానికి, తన మేడ కట్టువానికి నిద్రించు చోటెక్కడో ఒక్కసారి విచారింపవలెను. వాచ్‌మన్ గదికి ఒక ఫ్యాను, తాళము పడిన డాబాకు ఒక తాళపుచెవి, రాత్రి పాళి ముగిసినవానికి నీడ గల యొక గది - ఇవి పెద్ద ధర్మములు కావు. అయినను నాలుగువందల యేండ్లుగ సాగుచున్న ఈ కథకు తగిన ముగింపు వీనివలననే కలుగగలదు. ఒకడు మేలుకొననక్కరలేకుండ మరియొకడు నిద్రింపగలిగిన నాడే వేసవి రేయి నిజముగా చల్లబడును.